ఇంటి పెత్తనము



పోయిన వేసవి సెలవులలో మా మనుమరాలు పెనుగొండకు వచ్చి, భోజనమైన పిమ్మట చేతిఫోనులో కొరియా దేశపు ధారావాహికలను చూచుచుండెను. పంచకావ్యములు చదువుకొన్నవాడను, నాకీ దూరదేశపు నాటకములతో పనియేమని మొదట మొగము త్రిప్పుకొంటిని. కాని భాష తెలియకున్నను కథ తెలిసినది. ధనవంతుల యింటి తల్లి, కుమారుడు వలచిన పేదపిల్లను పిలిపించి, బల్లమీద ఒక కవరు పెట్టును. అందులో సొమ్ము. మావానిని విడిచి పొమ్మని దాని యర్థము. ఆ కథలలో నిది పరిపాటియట.

ఈ అత్తగారిని నేనెరుగుదును. 1962లో వచ్చిన గుండమ్మకథలో సూర్యకాంతమ్మగారు ఈమెయే. కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురములో పుట్టిన ఆ మహాతల్లి తెరమీద ఎందరు కోడండ్రను ఏడిపించెనో! గుండమ్మ భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలు. సవతికూతురిని పనిమనిషిని చేసి, కన్నకూతురికి ఇల్లరికపుటల్లుని వెదకును. గయ్యాళి యని అందరమును నవ్వితిమి. కోడలి తరపు బంధువు వచ్చి కూర్చుండగానే ఆ పెత్తనమంతయు ఎట్లు కరగిపోయెనో ఎవరును విచారింపలేదు.

కొరియాలో హోజు అను ఏర్పాటు ఉండెడిది. ప్రభుత్వపు చిట్టాలో కుటుంబమున కొక యజమాని. అతడు గతించినచో, తల్లియు భార్యయు ఉండగనే, కుమారుడు పాలుద్రాగు శిశువైనను యజమాని యగును. అట్టిచోట ఇల్లాలికి బలమంతయు కొడుకే. వానిని పరాయిపిల్ల తీసికొనిపోయిన ఆమెకు మిగులున దేమి? ఆ కవరులో పొగరు మాత్రమే కాదు, భయముకూడ నున్నదని నాకు తోచినది. ఆ పద్ధతిని తొలగించుచు ఆ దేశమువారు 2005లో చట్టము చేసిరి. 2008 జనవరి 1 నుండి అది పోయినది.

మనదేశమునను 2005 సెప్టెంబరు 9 నుండి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగ భాగము వచ్చినది. ఆంధ్రదేశములో అంతకుముందే, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని ఆడపిల్లలకు 1986 నాటి చట్టము ఆ హక్కు నిచ్చియుండెను.

ఇచట నొకమాట దాపరికము లేక చెప్పవలెను. మా చెల్లెలి వివాహము 1988లో జరిగినది. తండ్రిగారు 1994లో గతించిరి. చట్టము నాకు తెలియును. పత్రికలో చదివి తోటి ఉపాధ్యాయులతో చర్చించినవాడనే. కట్నమిచ్చితిమి, పసుపు కుంకుమలు పెట్టితిమి, ఇంకేమని పెద్దలనిరి. నేను ఔనంటిని. కర్మకాండ ముగిసిన కొలది దినములకే పట్టుచీరె పెట్టి, రిజిస్ట్రారు కచేరికి తీసికొనిపోయి, హక్కు వదలుకొను దస్తావేజుమీద సంతకము చేయించితిమి. "ఎక్కడ అన్నయ్యా?" అని మాత్రమే అడిగినది. వ్రేలితో చూపితిని. ఎకరము ముప్పది సెంట్ల వరిచేను.

వాసవీ కన్యక వలదన్న మాటకు 102 గోత్రములవారు ఆమెతో అగ్నిప్రవేశము చేసిరని చెప్పుకొను ఊరు మాది.

కవరు ఘట్టము వచ్చినపుడు మనుమరాలు, "ఆ అమ్మాయి తీసుకోకూడదు, కదా తాతయ్యా?" అన్నది. నేను బదులు చెప్పలేదు. ఆ పట్టుచీరెను మా చెల్లెలు ఇంతవరకు కట్టలేదని మేనకోడలివలన వింటిని. సంక్రాంతికి రమ్మని ఆమెకు వ్రాసితిని. ఆ చేనిని ఆమె పేర వ్రాసియిచ్చెదనని మా కుమారునితో చెప్పితిని. అతడింకను ఔననలేదు.