ఏసీసీ బ్రేక్ నొక్కుతుంది... కారుని ఆపేది మాత్రం టైరే!

తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల లారీ హారన్లు వినపడితే ఏమనుకోకండి, మా ఇల్లు హైవేకి దగ్గర. ఇవాళ మాట్లాడేది కూడా ఆ హైవే మీద కారు నడపడం గురించే.

మన కుర్రాళ్ళు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, అడాస్ ఉన్న కారు తీసుకున్నాం. తిరువూరులో ఏసీసీ ఆన్ చేస్తే విజయవాడ దాకా కాలు పెట్టకుండా వెళ్ళిపోవచ్చా?" సమాధానం ముందే చెప్పేస్తాను. వద్దు. ఏసీసీ చెడ్డది కాబట్టి కాదు. నాకు చాలా ఇష్టమైన ఫీచర్ అది. కానీ అది తయారైంది ఒక రకం రోడ్డు కోసం, మనది ఇంకో రకం రోడ్డు.

ముందు దీని కథ కొంచెం చెప్పుకుందాం, బాగుంటుంది. మామూలు క్రూజ్ కంట్రోల్ కనిపెట్టింది రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీరు. ఆయనకి అయిదేళ్ళ వయసులోనే చూపు పోయింది. ఆయన ఎక్కిన కారు నడిపే లాయరు గారు మాట్లాడేటప్పుడు స్పీడు తగ్గించేవాడట, వినేటప్పుడు పెంచేవాడట. ఆ కుదుపులు భరించలేక టీటర్ ఈ ఆలోచన చేశాడని చెబుతారు. 1950 లో పేటెంట్ వచ్చింది, 1958 లో క్రైస్లర్ కార్లలో పెట్టారు. దానికి వాళ్ళు పెట్టిన పేరేంటో తెలుసా? ఆటో పైలట్! స్పీడు నిలిపి ఉంచడం తప్ప ఇంకేమీ చేయని దానికి ఆ పేరు. పేర్లతో మోసపోవడం అప్పుడే మొదలైందన్నమాట.

ముందు బండిని చూసి స్పీడు తగ్గించేది తర్వాత వచ్చింది. 1995 లో మిత్సుబిషి లేజర్‌తో చేసింది. అది బ్రేక్ వేసేది కాదు, యాక్సిలరేటర్ వదిలి గేరు తగ్గించేది, అంతే. 1999 లో మెర్సిడెస్ రాడార్‌తో తెచ్చింది. మన మధ్యతరగతి వాళ్ళ నోటికి ఈ మాట అలవాటైంది మాత్రం 2021 లో ఎక్స్‌యూవీ 700 వచ్చాకే. 2022 లో హోండా సిటీ హైబ్రిడ్, 2023 లో వెర్నా, సెల్టోస్, హారియర్. ఇప్పుడు మన ఊళ్ళో పెళ్ళికి వచ్చిన కార్లలో కూడా రెండు మూడు కనపడుతున్నాయి. కారు కదులుతుంటే సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుని రీల్ చేసేవాళ్ళూ తయారయ్యారు. చూసే ఉంటారు.

సరే, అసలు విషయం. రాడార్ దేన్ని చూస్తుంది? చాలా కార్లలో ముందు బంపర్ దగ్గర 77 గిగాహెర్ట్జ్ రాడార్ ఒకటి, అద్దం వెనక కెమెరా ఒకటి ఉంటాయి. కొన్నిట్లో కెమెరా ఒక్కటే. రాడార్ తరంగం పంపుతుంది, అది దేనికో తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన దాన్ని బట్టి ఎదురుగా ఉన్నది ఎంత దూరం, ఎంత స్పీడు అని లెక్క కడుతుంది. ఇక్కడే చిక్కు. రోడ్డు పక్కన బోర్డు, కల్వర్టు గోడ, కరెంటు స్తంభం, ఇవన్నీ కూడా తరంగాన్ని తిప్పి పంపుతాయి. అన్నిటికీ బ్రేక్ వేస్తే కారు ముందుకు పోదు. అందుకని చాలా సిస్టమ్‌లు కదలని వస్తువులకి పెద్దగా విలువ ఇవ్వవు. ఏ కంపెనీ ఓనర్స్ మాన్యువల్ తీసినా ఈ హెచ్చరిక దొరుకుతుంది: ఆగి ఉన్న బండినీ, బైకునీ, మనుషుల్నీ, జంతువుల్నీ గుర్తించకపోవచ్చు అని. ఆ పుస్తకం గ్లవ్ బాక్స్‌లో కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది కదా!

ఇప్పుడు మన ఎన్‌హెచ్-30 గుర్తు తెచ్చుకోండి. తిరువూరు, ఎ.కొండూరు, మైలవరం, ఇబ్రహీంపట్నం. పత్తి సీజన్‌లో ట్రాక్టరు ట్రక్కులు, వెనక ఒక్క రిఫ్లెక్టరు కూడా ఉండదు. వేసవిలో నున్న మార్కెట్‌కి పోయే మామిడికాయల బళ్ళు. మొక్కజొన్న రోడ్డు మీద ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి పెడతారు. టైరు పంక్చరైన లారీ సగం రోడ్డు మీదే ఆగి ఉంటుంది, దాని వెనక ఒక చెట్టుకొమ్మ గుర్తు. సాయంత్రం గేదెలు ఇంటికొచ్చే టైము. వీటిలో ఎన్ని కదలనివో, ఎన్నిటికి కారు ఆకారం లేదో మీరే లెక్కపెట్టండి. ఏసీసీకి ఇష్టంలేని వస్తువులన్నీ ఒకే రోడ్డు మీద పెట్టినట్టుంటుంది.

నన్ను బాగా భయపెట్టే సందర్భం ఒకటి చెబుతాను, ఇది జాగ్రత్తగా వినండి. మీరు 80 లో సెట్ చేశారు. ముందు ఒక లారీ 60 లో వెళ్తోంది. మీ కారు బుద్ధిగా 60 కి తగ్గి దాని వెనకే పోతోంది. అంతా బాగుంది. లారీకి ముందు రోడ్డు మీద ఒక ట్రాక్టరు ఆగి ఉంది. లారీ డ్రైవరు పైన కూర్చుంటాడు కాబట్టి చూశాడు, చివర్లో కుడికి కోసి తప్పించుకున్నాడు. మీకు ట్రాక్టరు అప్పటిదాకా కనపడలేదు, లారీ అడ్డం. ఇప్పుడు మీ రాడార్‌కి ఏం తెలిసింది? "ముందున్న బండి పక్కకి పోయింది, దారి ఖాళీ." ఆగి ఉన్న ట్రాక్టరుని అది పట్టించుకోకపోవచ్చు. మీరు సెట్ చేసింది 80 కాబట్టి కారు 60 నుంచి 80 కి స్పీడు పెంచడం మొదలుపెడుతుంది. బ్రేక్ వేయాల్సిన క్షణంలో యాక్సిలరేటర్! ఆ సెకనులో మీ చేతిలో ఫోను, సీటు మీద మడిచిన కాళ్ళు ఉంటే ఇంక ఆపేవాళ్ళు ఎవరు?

"అయినా బ్రేక్ వేస్తుంది కదా అన్నా" అంటారు. వేస్తుంది, కానీ ఎంత? ఏసీసీకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. హైవే స్పీడులో అది సగటున సెకనుకి సెకనుకి 3.5 మీటర్లకి మించి గట్టిగా బ్రేక్ వేయకూడదు. లోపల వాళ్ళు ఉలిక్కిపడకూడదు, వెనకవాడు గుద్దకూడదు అని. ఆ లెక్కన 80 లో పోతున్న కారు పూర్తిగా ఆగడానికి సుమారు 70 మీటర్లు. మనం కాలితో గట్టిగా తొక్కితే, పొడి రోడ్డు, మంచి టైర్లు అయితే 35 మీటర్లలో ఆగొచ్చు. అంటే సగం దూరం. ఎమర్జెన్సీ బ్రేకింగ్ అనేది వేరే ఫీచరు. అది గట్టిగానే వేస్తుంది కానీ చాలాసార్లు దెబ్బ తగ్గించడానికే, అసలు గుద్దకుండా ఆపుతుందని గ్యారంటీ లేదు.

మరి ఎక్కడ వాడాలి? ఇబ్రహీంపట్నం దగ్గర ఎన్‌హెచ్-65 ఎక్కి హైదరాబాద్ వైపు తిరిగాక, మధ్యలో డివైడరు ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద, పగటిపూట, వాన లేనప్పుడు. అక్కడ హాయిగా వాడుకోండి, మోకాలి నొప్పి తగ్గుతుంది, నిజం. అక్కడ కూడా ఊళ్ళు వచ్చినప్పుడు, డివైడరు మధ్య కట్టింగులు వచ్చినప్పుడు ఆఫ్ చేయండి. రాంగ్ రూట్‌లో వచ్చే బైకు మన తెలుగు రాష్ట్రాల్లో ఏ హైవే మీదైనా ఉంటుంది. ఇంకోటి, 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం డివైడరు ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకి గరిష్ఠం 100. డివైడరు లేని మామూలు రోడ్లకి 70 మాత్రమే. బోర్డు మీద ఇంకా తక్కువ రాసి ఉంటే అదే లెక్క.

గ్యాప్ సెట్టింగు పెద్దదే పెట్టండి. 80 లో ఒక సెకను గ్యాప్ అంటే 22 మీటర్లు, రెండు సెకన్లంటే 44. "అంత ఖాళీ వదిలితే ఆటోలు, బస్సులు దూరిపోతాయి" అంటారు. దూరనివ్వండి. మా బావకి ఇదే గొడవ, ఎవరో దూరారని గ్యాప్ ఒక గీతకి తగ్గించేస్తాడు. ఆ దూరినవాడి వల్ల మనం ఇంటికి చేరేది మహా అయితే రెండు నిమిషాలు లేటు. కాలు మాత్రం బ్రేక్ దగ్గరే ఉండాలి. నేలమీద కాదు, సీటు మీద అసలే కాదు.

ఇప్పుడు మెయింటెనెన్స్. దీనికీ దానికీ ఏంటి సంబంధం అనుకుంటున్నారా? రాడార్ చూస్తుంది, కంప్యూటర్ బ్రేక్ నొక్కుతుంది. కానీ రోడ్డుని పట్టుకునేది టైరు. అరిగిన టైరుతో లక్ష రూపాయల రాడార్ ఉన్నా కారు జారుతుంది. మనకి బ్రేక్ ఎలా పడుతుందో కాలికి తెలుస్తుంది, మెత్తబడితే తెలుస్తుంది. కంప్యూటర్‌కి అప్పగిస్తే ఆ సంగతి నెలల తరబడి తెలియదు.

రాడార్ ఎక్కడుందో ముందు కనుక్కోండి. కంపెనీ గుర్తు వెనకో, బంపర్ కింద భాగంలోనో ఉంటుంది. దాని మీద ఎర్రమట్టి, బురద పేరుకుంటే పని చేయదు, స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది. ఇక మన పద్ధతులున్నాయి కదా. కొత్త కారు పూజలో పసుపు, కుంకుమ, దానికి నిమ్మకాయలు, మిరపకాయల దండ. నేను వద్దనను, మా అమ్మ ఒప్పుకోదు కూడా. పూజ అయ్యాక తుడిచేయండి, దండ రాడార్‌కి అడ్డం లేకుండా పక్కకి కట్టండి. బంపర్‌కి అదనంగా ఇనప గార్డు వేయించకండి. లోపల అద్దం మీద కెమెరా ఎదురుగా దేవుడి స్టిక్కరు, ఫాస్టాగ్ అంటించకండి. అద్దం పగిలి మార్చినా, బంపర్ దెబ్బతిని ఊడదీసి పెట్టినా "క్యాలిబ్రేషన్ చేశారా?" అని అడిగి బిల్లులో రాయించుకోండి. కెమెరా కొంచెం పక్కకి తిరిగి ఉన్నా అది పక్క లైన్ బండిని మన లైన్ బండి అనుకుంటుంది.

టైరు గాడుల మధ్య చిన్న దిమ్మలుంటాయి, చూడండి. గాడి అరిగి ఆ దిమ్మతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు. కారుకి చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దు అదే. వానాకాలంలో అంతదాకా ఆగకండి, నేనైతే 3 దగ్గరే మార్చేస్తాను. గాలి ఉదయం బండి తీయకముందు చెక్ చేయించండి. ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. పంక్చర్ షాపులో "అందరికీ 35 కొడతాం" అంటే వినకండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2322 అంటే 2022 లో 23వ వారంలో తయారైందని. షోకు కోసం టైరు సైజు పెద్దది వేయించకండి. మీటరు చూపించే స్పీడుకీ అసలు స్పీడుకీ తేడా వస్తుంది, కంప్యూటర్ లెక్కలూ తప్పుతాయి.

బ్రేక్ ఆయిల్ గురించి ఎవరూ అడగరు. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ చేరితే తక్కువ వేడికే మరుగుతుంది, ఘాటు దిగేటప్పుడో మన మే నెల ఎండలోనో పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారి మార్పించండి, మాన్యువల్‌లో ఇంకా తక్కువ రాసి ఉంటే దాని ప్రకారం. వెనక బ్రేక్ లైట్లు గోడకి ఆనించి నిలబెట్టి చూసుకోండి. ఏసీసీ బ్రేక్ వేసినప్పుడు వెనకవాడికి తెలిసేది వాటితోనే. వైపర్ రబ్బరు రెండు మూడొందలు. కెమెరా చూసేది కూడా ఆ తుడిచిన అద్దంలోంచే.

వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి ఒక్కటే మాట్లాడదాం, పంక్చర్ షాపు దగ్గరే షూట్ చేద్దామనుకుంటున్నాను. మీ కారులో రాడార్ ఎక్కడుందో ఈలోపు వెతికి పెట్టుకోండి. ఉంటాను ఫ్రెండ్స్.