గ్రంథాలయ సభలు – మనము
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మాష్టారూ, విద్య గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు సెక్రటరీ సాబ్. విద్య అనగానే మనం స్కూలు, ఫీజు, స్కాలర్‌షిప్పు ఇవే మాట్లాడుకుంటాం. ఫీజు లేని, పరీక్ష లేని, వయసు అడగని బడి ఒకటున్నది. అది గ్రంథాలయంలో జరిగే సభ.

చదువుకునే చోట ప్రసంగాలెందుకని కొందరి సందేహం. మన గ్రంథాలయాలు సభలతోనే పెరిగాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. తర్వాత తెలంగాణ ఊళ్లలో ఎన్నో గ్రంథాలయాలు లేచాయి. నిజాం కాలంలో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావలసివచ్చేది. అటువంటి రోజుల్లో గ్రంథాలయ వార్షికోత్సవమే జనం కలిసి కూర్చుని లోకం సంగతులు వినే చోటయింది. కోస్తా వైపు అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు గ్రంథాలయాన్ని ఉద్యమంగా నడిపారు. 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ తిరిగాయి.

ఉర్దూ వైపు చూద్దాం. 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ సాబ్ హైదరాబాదులో ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించారు. 1925లో మౌలానా సయ్యద్ సులేమాన్ నద్వీ మద్రాసులో ఎనిమిది ప్రసంగాలు చేశారు. అవే పుస్తకమై ఈనాటికీ చదవబడుతున్నాయి. అంటే మాట పుస్తకమవుతుంది. ఆ పుస్తకం మళ్లీ నలుగురినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది.

నా సంగతి ఒకటి చెబుతాను. మా నాన్నది సైకిలు షాపు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక నవంబరు సాయంత్రం లైబ్రరీలో మైకు మోగుతోంది. గ్రంథాలయ వారోత్సవాలు. తొంగి చూస్తే, పంచె కట్టుకున్న ఒక పెద్దాయన గాలిబ్ గురించి తెలుగులో చెబుతున్నారు! ఆశ్చర్యపోయి వరండాలోనే నిలబడ్డాను. లైబ్రేరియన్‌గారు చూసి, "లోపలికి రా బాబూ, కుర్చీ ఖాళీగానే ఉంది" అన్నారు. కాసేపటికి ఆ పెద్దాయన, "ఉర్దూ చదవగలవాళ్లున్నారా?" అని అడిగారు. వణుకుతూ లేచి ఒక షేర్ చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన దాని భావం తెలుగులో విప్పి చెప్పారు. నిజం చెప్పొద్దూ, నా మాతృభాషలోని ఆ రెండు పాదాలు నాకు అర్థమైంది ఆ రోజే, తెలుగులో!

మర్నాటి నుంచి ఆ లైబ్రరీలోనే తెలుగు పేపరు కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. ఈ నాలుగు ముక్కలు మీ ముందు తెలుగులో చెప్పగలుగుతున్నానంటే అది ఆ సాయంత్రం పుణ్యమే.

పోయిన సంవత్సరం మా ఏడో తరగతి పిల్లల్ని లైబ్రరీకి తీసుకుపోయాను. గేటు దగ్గర ఒక అబ్బాయి ఆగి, "సార్, మనల్ని లోపలికి రానిస్తారా?" అని అడిగాడు. నా నోట మాట రాలేదు. వాణ్ణి ఎవరూ ఆపలేదు. అయినా ఆ భయం వాడికెక్కడిది? ఇంకోచోట ఉర్దూ పుస్తకాల బీరువాకు తాళం కనిపించింది. అడిగితే, "అడిగేవాళ్లు లేరండీ, తాళంచెవి ఎక్కడుందో వెతకాలి" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే సిగ్గు కూడా వేసింది. తాళం వేసినవారిది ఒక తప్పయితే, ఇన్నేళ్లూ అడగని మనది ఇంకొక తప్పు కాదా?

సోదరులారా! ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనమూ కడుతున్నాం. 1960 నాటి చట్టం ప్రకారమే ఈ పన్ను. ఆ ఇల్లు మనది కూడా. మన ఇంట్లోకి పోవడానికి మొహమాటమెందుకు?

అందుచేత సంఘానికి నా మనవి. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే వారోత్సవాలలో ఒక సాయంత్రం మనకివ్వమని అర్జీ పెడదాం. ఒక తెలుగు రచయితను, ఒక ఉర్దూ రచయితను ఒకే వేదిక మీద కూర్చోబెడదాం. ఉర్దూ మాటను తెలుగులో, తెలుగు మాటను ఉర్దూలో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని నేను చేస్తాను. చివర అరగంట ప్రశ్నలకు వదలాలి. ఆ అరగంటా పిల్లలదీ, ఆడవాళ్లదీ. శాలువాలు, దండలు తగ్గించి ఆ డబ్బుతో వక్తగారి పుస్తకాలు నాలుగు కొని లైబ్రరీకిద్దాం. తక్కిన నెలల్లో పెద్ద వక్తలు దొరక్కపోతే ఒక కథ పైకి చదువుకుందాం. చదువురాని మా అమ్మలాంటివాళ్లకు వినడమే చదవడం.

గేటు దగ్గర అడిగిన అబ్బాయి మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు వాడికి నేను జవాబు చెప్పలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ఇప్పుడు వాడి జేబులో లైబ్రరీ కార్డున్నది. రేపు వాడు తమ్ముణ్ణి తీసుకుపోతాడు. మనం కూడా ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుందాం.