పాత పికప్పు బండి స్టార్టు కాకున్నచో

అమెరికా పల్లెలలో పాత ఆటోమేటిక్ పికప్పు బండ్లు నేటికిని పొలముపనులకు తిరుగుచున్నవి. ఇట్టిది మొరాయించినచో, గేరును చేతితో మార్చు బండివలె నెట్టి స్టార్టు చేయుటకు సాధారణముగా వీలుపడదు, కారణమును వెదకవలసినదే. తాళము త్రిప్పగా టకటక ధ్వని మాత్రమే వినవచ్చినచో మొదట బ్యాటరీని, దాని కొసలకు పట్టిన చిలుమును చూడుడు. పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపును; 12కు దిగినచో శక్తి చాలదు. దీపములు చక్కగా వెలుగుచున్నను చప్పుడే లేదందురా? చేతిబ్రేకు వేసి, కాలిబ్రేకు నదిమిపట్టి, గేరుపిడిని పార్కునుండి న్యూట్రలునకు మార్చి మరల త్రిప్పుడు. అప్పుడు ఇంజను తిరిగినచో దోషము రక్షణస్విచ్చులోనో, దాని సర్దుబాటులోనో యుండును. కొందరు తొందరపడి బండిక్రింద దూరి స్టార్టరు కొసలను స్క్రూడ్రైవరుతో కలుపుదురు. బండి గేరులో నున్నచో వారిమీదుగనే పోవును. గేరులో స్టార్టరు తిరుగకుండుటకే గదా ఆ స్విచ్చు నమర్చినది!