ఇంటికో కాగితం



ఒక ఇంట్లో బియ్యం లేవు. ఇంకో ఇంట్లో బియ్యం ఉన్నాయి, వండే మనిషి మంచం పట్టింది. మరో ఇంటికి రేషన్ కార్డే లేదు. మూడూ పేద ఇళ్లే. మూడు ఇళ్లకూ ఒకే సాయం చేస్తే సరిపోతుందా? సరిపోదు గదా!

కేరళలో ఏం చేశారో చెబుతాను, వినండి. 2021లో అక్కడి ప్రభుత్వం అతి పేద కుటుంబాలను వెదికించింది. తిండి, ఆరోగ్యం, ఇల్లు, సంపాదన. ఈ నాలుగూ చూశారు. 64,006 కుటుంబాలు తేలాయి. ఒక్కో కుటుంబానికి ఒక్కో ప్లాను రాశారు. కార్డు లేనివాళ్లకు కార్డు ఇప్పించారు. వండుకోలేనివాళ్లకు వండిన అన్నం పంపారు. జబ్బు మనిషికి మందులు. గూడు లేనివాళ్లకు ఇల్లు. చేయగలవాళ్లకు బతుకుతెరువు. ఈ పనిలో కుటుంబశ్రీ మహిళా సంఘాలు కూడా నడుం కట్టాయి.

2025 నవంబరు 1న కేరళలో అతి పేదరికం పోయిందని ప్రభుత్వం ప్రకటించింది. నిజంగా పోయిందా అని అడిగినవాళ్లూ ఉన్నారు. అడగడం మంచిదే.

మరి మన సంగతి? మీకిప్పుడు రాయడం వచ్చు. ఈ రాత్రి ఒక కాగితం తీయండి. మన ఇంటికి ముందు ఏం కావాలో రాయండి. మీ వీధిలో రాయడం రాని ముసలమ్మ ఉంటే, పక్కన కూర్చుని అడగండి. ఆమె కాగితమూ రాసిపెట్టండి. గ్రామసభలో మీరే లేచి చదవండి.