నడువలేని బిడ్డకు ఆట యేల?



బిడ్డ తప్పటడుగులు వేయునాటికి తాతయో మేనమామయో వడ్రంగిచేత మూడు చక్రముల బండి చేయించి యిచ్చుట మన పల్లెలలో చిరకాలపు టాచారము. బిడ్డ అడ్డకర్రను పట్టి తోయును, బండి కదలును, దాని వెంట కాలు సాగును. నేను నేడు మనవి చేయబోవు విషయమంతయు ఆ బండిలోనే యిమిడి యున్నది.

నేను ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయుడనుగా నుంటిని. ఒకప్పుడు నా తరగతిలో కాళ్లు స్వాధీనము కాని బాలుడొక డుండెను. ఆటల గంట మ్రోగగానే వానిని చెట్టునీడను కూర్చుండబెట్టి, గెలుపోటముల లెక్క వ్రాయుమని పలక యిచ్చెడివాడను. అది దయ యని తలచితిని. వాడు లెక్క తప్పకుండ వ్రాసెను గాని, ఒక్కనాడైనను ఆడలేదు.

నా తప్పు నాకు తెలియుటకు నా మనుమరాలు పుట్టవలసి వచ్చెను. ఆమెది మస్తిష్క పక్షవాతము. ఎదుగుచున్న మెదడునకు దెబ్బ తగులుటచే కండరములు బిగిసి, నిలుకడ తప్పును. మూడేండ్లు నిండినను ఆమె నిలువలేదు. వ్యాయామము చేయింపబోయిన ఏడ్చెడిది. ఫిజియోథెరపీ చేయు నామె ఒకనాడు ఆమెను వీపునకు ఆనుడును, నడుమునకు పట్టీయు గల యుయ్యాలలో కూర్చుండబెట్టెను. ఏడ్పు నవ్వాయెను. మెడ దానంతట అదే నిలిచెను.

దీనికి కారణము కలదు. మన లోచెవిలో మూడు అర్ధవలయాకారపు నాళములు కలవు. తల కదలినపుడు వానిలోని ద్రవము చలించి మెదడునకు వార్త పంపును. కన్నులు, కండరములు, కీళ్లు పంపు వార్తలతో దానిని జోడించి మెదడు దేహమును నిలుపును. ఈ పాఠము వినుటచే రాదు. ఊగి, ఒరిగి, పడబోయి తమాయించుకొనుటచే వచ్చును. కావుననే ఆట యీ బిడ్డలకు వినోదమాత్రము కాదు, విద్య.

తరువాత మా యూరి వడ్రంగి, ఆమె చెప్పిన కొలతల ప్రకారము, నా మనుమరాలికి బండి చేసెను. మూడు చక్రములది ప్రక్కకు ఒరుగునని నాలుగు చక్రములను వెడల్పుగా నమర్చెను. ముందునకు పరుగెత్తకుండ అడుగున ఇసుకసంచి యుంచెను. అడ్డకర్రను మోచేయి కొంచెము వంగునంత యెత్తున బిగించెను. బిడ్డ బిడ్డకును కొలత వేరు గనుక, తెలిసినవారి నడుగక ఇట్టివి చేయింపరాదు.

ఇంటిలో బండి చాలదు. ఊరిలో తోటయు కావలయును. నేలతో సమముగా నమర్చిన రంగులరాట్నముపైకి చక్రముల కుర్చీని నేరుగా త్రోయవచ్చును. మెట్లకు బదులు వాలుదారి వేసిన చాలును, తక్కిన బిడ్డలతో కలియవచ్చును. 2006లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ముప్పదవ అధికరణమున, ఆటలలో ఈ బిడ్డలకు తక్కిన బిడ్డలతో సమానమైన అవకాశ ముండవలెనని కలదు. 2007లో మన దేశము దానిని ధ్రువీకరించినది. అనగా మన మిచ్చునది భిక్ష కాదు, బాకీ.

నా మనుమరా లింకను ఒంటరిగా నడువలేదు. నడుచునని నేను చెప్పజాలను. కాని తెల్లవారగానే బండి అడుగును. వీధి పిల్లలు ముందు పరుగెత్తుదురు. ఆమె వారిని తరుమును. నిరుడు ఆ పాత శిష్యుడు మా యింటికి వచ్చి యీ యాటను చాలసేపు చూచెను. "అయ్యవారూ, ఆ చెట్టునీడ నాకింకను జ్ఞాపకమున్నది" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఉపాధ్యాయ సోదరులారా, ఆటల గంట మ్రోగినపుడు మీ బడి చెట్టునీడను ఒక్కసారి చూడుడు. అక్కడ ఎవరైన కూర్చుండియున్న, పలక యియ్యకుడు, చేయి యిండు.