మా మినీ గోల్ఫు యాత్ర

గడచిన దసరా సెలవులలో మేము కుటుంబ సమేతముగా, విశాఖపట్నము నుండి భీమునిపట్నము పోయే సముద్రతీరపు దారిలోని ఒక రిసార్టుకు వెళ్ళినాము. దాని పేరు ఇక్కడ అనవసరము. సముద్రమును చూచుటకు అంత దూరము పోనక్కరలేదు. అది మా మేడమీది నుండియే కనబడుతుంది. పదేండ్ల మా అబ్బాయికి అక్కడి మినీ గోల్ఫు ఆడిస్తామని మాట యిచ్చి వున్నాము. అందుకు వెళ్ళినాము.

ఆ మాట యిచ్చుటకు ఆధారము ఫోనులో చూచిన ఒక బొమ్మ. పచ్చని తివాచీ వంటి నేల, తెల్లని వంతెన, నీలిరంగు గాలిమర, పదునెనిమిది గుంటలు. ఆనాటి నుండి మా యింట నెల రోజులు సాధన సాగినది. మా అబ్బాయి వాళ్ళ తాతగారి చేతికర్రను తలక్రిందులుగా పట్టుకొని, వంకీతో నిమ్మకాయను తోసి, అడ్డముగా పడుకోబెట్టిన స్టీలు గ్లాసులో వేసేవాడు. తాతగారు పడకకుర్చీలో కూర్చుండి లెక్క వ్రాసేవారు. ఆ నెలలో మా యింట పులిహోరకు నిమ్మకాయలు దొరకలేదు.

పిల్లవాడు అడిగిన ప్రశ్నలకు సమాధానము చెప్పుటకై మేమును కొంత చదువవలసి వచ్చినది. అసలు గోల్ఫుకు నూరు ఎకరములకు పైబడిన నేల కావాలె. దాని చివరి ఘట్టమును మాత్రము, అనగా బంతిని నేలమీదనే దొర్లించి గుంటలో వేయుటను మాత్రము, విడదీసి చేసినది ఈ చిన్న ఆట. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో స్త్రీలకై ఇటువంటి సంఘమొకటి ఏర్పడినది. కర్రను భుజముపైకి ఎత్తి కొట్టుట స్త్రీలకు మర్యాద కాదని అప్పటివారు భావించేవారట. ఎగుడుదిగుడులుగా వుండే వారి ఆటస్థలమునకు పెట్టిన పేరు హిమాలయాలు! ఈ మాట విని మా అబ్బాయి చాలసేపు నవ్వినాడు. అమెరికాలో లుకౌట్ కొండమీద గార్నెట్ కార్టర్ అను హోటలు యజమాని 1920ల చివరలో దీనిని వ్యాపారముగా మలచినాడు. అక్కడి నేలపై పరచినది పచ్చిక కాదు, పత్తిగింజల పొట్టు. 1930 నాటికి ఆ దేశమున మేడకప్పుల మీద కూడ ఈ ఆటస్థలములు వెలసినవి. మరి ఒకటి రెండేండ్లలో ఆ మోజు చల్లారినది.

ఈ ఆటలో బలముతో పని లేదు. బంతి గట్టుకు ఏ కోణమున తగిలితే, రమారమి ఆ కోణముననే మరలుతుంది. గాలిమర రెక్కలు ద్వారము ముందు తిరుగుతూ వుంటవి. రెండు రెక్కల నడిమి సందు చూచి కొట్టవలె. ఇదంతయు మా అబ్బాయికి కంఠస్థము.

మనిషికి రెండు వందల చొప్పున రుసుము చెల్లించి లోనికి పోయినాము. తివాచీ రంగు వెలిసి, అతుకులు లేచి వున్నది. బంతి ప్రతి అతుకువద్దను ఆగి ప్రక్కకు తిరిగిపోతున్నది. గట్టు ఇటుకలు ఊడినచోట బంతి మరలి వచ్చుటకు బదులు బయటి ఇసుకలో పడుతున్నది. వానలు కురిసి నాలుగు రోజులైనను గుంటలలో నీరు ఇంకలేదు. అడుగున నీరు పోవలసిన రంధ్రములు ఇసుకతో పూడినవి. కర్రలు రెండే వున్నవి, రెండును పెద్దవారివి. గాలిమర మాత్రము నిజముగా నీలిరంగుదే. సముద్రపు ఉప్పుగాలికి దాని యిరుసు తుప్పుపట్టి, ఒక రెక్క సరిగా ద్వారమునకు అడ్డముగా బిగుసుకొని వున్నది. మా అబ్బాయి దాని ముందు నిలువబడి, అది తిరుగుతుందేమోనని కొంతసేపు చూచినాడు. ఏడిచివుంటే మాకు సులభముగా వుండేది. వాడు ఏమియు అనలేదు.

మేనేజరును కలిసినాము. ఆయన ఎంతో మర్యాదస్థుడు. "ఎవరూ ఆడరండీ. ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. మీరే మొదట అడిగారు," అన్నాడు. రుసుము తిరిగి యిచ్చు పద్ధతి లేదట.

కర్రలు అందించే ముసలాయన మా వెనుకనే వచ్చినాడు. "బాబూ, నాకూ సిగ్గుగానే ఉంటాది. పొద్దున్నే రండి, నీళ్ళు తోడి ఉంచుతాను," అన్నాడు. ఆయన పని అది కాదు. ఆయన జీతము తోటమాలి జీతము.

ఆ రాత్రి పడుకొనేటప్పుడు మా అబ్బాయి అడిగినాడు: "నాన్నగారూ, గాలిమర తిరుగుతుందని మీకెవరు చెప్పారు?"

మైకు ముందు ఒక్క సంవత్సరము, ఒక్క ఊరిపేరు తప్పు పోకుండ రెండుసార్లు సరిచూచుకొనుట మా వృత్తి. ఇరువదేండ్లుగా ఆ పని చేస్తున్నాము. ఒక్కమారు ఫోను చేసి, ఆ గాలిమర తిరుగుతున్నదా అని అడిగివుండవచ్చును. అడుగలేదు. ఎవరూ చెప్పలేదని, బొమ్మ చూచి మేమే అనుకొన్నామని వాడితో అన్నాము. వాడు "ఊఁ" అని గోడవైపు తిరిగి పడుకొన్నాడు.

తెల్లవారి ఆరు గంటలకు పోయినాము. ముసలాయన కొబ్బరిచిప్పతో నీరు తోడి, మొదటి మూడు గుంటలను గుడ్డతో తుడిచి వుంచినాడు. నాలుగవదాని అడుగు ఎంత గోకినను తెరచుకోలేదట. కర్ర ఒకటి కోసి పొట్టి చేయుటకు ఆయనకు అధికారము లేదు కనుక, మా అబ్బాయి దానిని నడిమికి పట్టుకొని ఆడినాడు. మూడు గుంటలకు వాడికి పదకొండు దెబ్బలు, మాకు పదునాలుగు. మూడవ గుంట దగ్గర ముసలాయనను కూడ ఒక దెబ్బ కొట్టమన్నాడు. ఆయన చేతులు తువ్వాలుతో తుడుచుకొని కొట్టినాడు. బంతి వంతెన దాటి ఇసుకలో పడినది.

తాతగారికి చూపుటకై లెక్కచీటీ తెచ్చినాడు. పదునైదు గడులు ఖాళీగా వున్నవి. తాతగారు అద్దములు పెట్టుకొని కూడిక సరిచూచి, క్రింద తేదీ వేసినారు.