ఈ రాత్రి మీ ఇంట్లో ఏం వండుతున్నారు? బి షిఫ్ట్ ఇంటి జొన్న రొట్టె

ఇయ్యాల ఎపిసోడ్‌లో ప్రశ్న ఒక్కటే. ఈ రాత్రి మీ ఇంట్లో ఏం వండుతున్నారు?

మన పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్ వైపు దీనికి జవాబు షిఫ్ట్‌ని బట్టి ఉంటది. చాలా కంపెనీల్లో ఏ షిఫ్ట్ పొద్దున ఆరింటికి, బి షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి, సి షిఫ్ట్ రాత్రి పదింటికి. సి షిఫ్ట్‌కి పోయే తమ్ముడు ఎనిమిదిన్నరకే తినాలి. బి షిఫ్ట్ దిగి నాన్న ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటుద్ది. ఒకే ఇంట్లో రెండు డిన్నర్లు అన్నమాట.

పప్పు, కూర అయితే ఒకసారి వండి వేడి చేసుకోవచ్చు. జొన్న రొట్టె అట్ల కాదు, మెత్తగా కావాలంటే పెంక మీది నుంచి నేరుగా పళ్లెంలోకి రావాలి. అందుకే ఎవరు వచ్చినా అమ్మ మళ్లీ లేచి పొయ్యి దగ్గరికి పోతది. అందరూ తిన్నాక ఆఖరికి ఆమె తింటది.

జొన్న మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972 నుంచి మన పటాన్‌చెరులోనే ఉంది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న ఆరోగ్యానికి మంచిదని అందరం స్టేటస్‌లు పెట్టుకున్నం. రొట్టె ఎవరు కొడుతున్నరని మాత్రం అడగలే.

"చపాతీ అయితే ఓకే బ్రో, జొన్న రొట్టె విరిగిపోతది" అంటరు. విరగడానికి కారణం ఉంది. గోధుమలో గ్లూటెన్ సాగుతుంది, పిండిని పట్టి ఉంచుతుంది. జొన్నలో అది లేదు. ఆ పని మరిగిన నీళ్లు చేస్తయి. వేడికి పిండిలోని స్టార్చ్ ఉబ్బి జిగురు వస్తది.

కాబట్టి ఇట్ల చేయండి. ఒక గ్లాసు నీళ్లు చిటికెడు ఉప్పేసి మరిగించి, ఇంచుమించు అంతే పిండి వేసి గరిటెతో కలిపి మూత పెట్టండి. చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే బాగా పిసకండి. పొడి పిండి చల్లుకుని, తిప్పుకుంటూ అరచేత్తో తట్టండి. కాలిన పెంక మీద వేసి, పైన తడిబట్టతో నీళ్లు తడమండి. తడి ఆరాక తిప్పండి. పిండి మాత్రం తాజాగా పట్టించింది కావాలి. పాత పిండి అయితే అంచులు పగుల్తయి.

మొదటి నాలుగు రొట్టెలు ఇండియా మ్యాప్ లెక్క వస్తయి. పర్లేదు, రుచి అదే.

మా ఇంట్లో ఇయ్యాల తోటకూర పప్పు, ఎల్లిపాయ కారం, పచ్చి పులుసు. రొట్టెలు నేనే కొడుతున్న, అమ్మ ముందు కూర్చుని తింటది.

మరి మీ ఇంట్లో ఏం వండుతున్నరు? ఎవరు వండుతున్నరు? ఆ వండినోళ్లు ఎన్నింటికి తిన్నరు? మూడూ చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై.